ఫజ్ పెడల్‌కు ఆరు కాళ్ళ స్విచ్చు

ఆ రోజుల్లో జుట్టు పెంచితే సంగీతం దానంతటదే వస్తుందని మేము గట్టిగా నమ్మేవాళ్ళం. నాకు జుట్టయితే భుజాల దాకా వచ్చింది గానీ సంగీతం దారిలోనే ఎక్కడో ఆగిపోయింది. (ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసట.) డెబ్బైల్లో బాలానగర్‌లో ఒక రేడియోల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి, కూకట్‌పల్లిలో అక్కావాళ్ళింట్లో ఉండేవాణ్ణి. ఇప్పుడు మెట్రో పోయే దారిలో అప్పుడు సాయంత్రమైతే మేకలూ మా సైకిళ్ళూ కలిసే ఇళ్ళకు చేరేవి.

ఫ్యాక్టరీలో మాకో బ్యాండు ఉండేది. డ్రమ్ములు దాదావి (స్థానికుడు, మనిషి పుల్లలా ఉంటాడు, పేరు మాత్రం దాదా). గిటారు నాది, గొంతు మా సూపర్‌వైజరు గారిది. ఆయన పాడతానంటే వద్దనే ధైర్యం ఎవరికీ లేదు. నన్ను పర్మనెంటు చేయాలో, ఇంటికి పంపాలో తేల్చేది ఆయనే కాబట్టి నాకు మరీ లేదు.

నా దగ్గరొక చవక ఫజ్ పెడల్ ఉండేది. కాలితో తొక్కితే గిటారు సింహంలా గర్జించాలి, మళ్ళీ తొక్కితే మామూలుగా మోగాలి. గర్జన బాగానే ఉండేది. ఆపినప్పుడే చిక్కు, గిటారు దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టుండేది. "ఏంది భయ్, నీ గిటార్‌కు సర్ది అయిందా? జర దవాఖానకు తీస్కపో" అనేవాడు దాదా. విప్పి చూస్తే జబ్బు తెలిసింది. పెడల్ ఆపినా గిటారు వైరు లోపలి సర్క్యూట్‌ను వదలడం లేదు, ధ్వనిలో పదునంతా అదే పీల్చేస్తోంది. ఆపినప్పుడు ఆ సర్క్యూట్‌ను రెండు వైపులా తప్పించి, గిటారును నేరుగా ఆంప్లిఫయరుకు కలిపే స్విచ్చు వేయాలి. కోఠీలో పాత సామాన్లు గాలించి ఆరు కాళ్ళ స్విచ్చొకటి తెచ్చి, ఆదివారం పొద్దున్నే అక్క వంటింటి గట్టు మీద సోల్డరింగుకు కూర్చున్నాను.

"ఒరేయ్, ఏంట్రా ఆ పొగ? పప్పంతా అదే వాసన! మీ బావగారు భోజనానికొచ్చే వేళైంది, తియ్యి ముందు!" అని అక్క గరిటెతో నిలబడింది. నా వేలికో బొబ్బ, పప్పు మీద బావగారి వ్యాఖ్యానం దక్కాయి గానీ, పెడల్ ఆపి తీగె మీటితే గంట కొట్టినట్టు మోగింది! (ఒక్క తీగే మీటాను. పాటంతా వాయించి చూసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.)

ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో సూపర్‌వైజరు గారు కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నారు. నేను గర్వంగా వాయించాను. ప్రతి స్వరమూ తేటగా వినిపించింది, అదే కొంప ముంచింది. అంతకాలం దుప్పటి కింద ముడుచుకుని పడుకున్న నా తప్పులన్నీ నిద్ర లేచి, మొహం కడుక్కుని, ఒకదాని వెనక ఒకటి సభకు వచ్చేశాయి. ఆయన కళ్ళు తెరిచారు.

"ఏమయ్యా, ఇన్నాళ్ళూ నువ్వు వాయిస్తున్నది ఇదా?"

మైకు ముందే అన్నారు. జనం గొల్లుమన్నారు. కంగారులో పెడల్ తొక్కేశాను. సింహం గర్జించింది, ఆయన గొంతు అందులో కలిసిపోయింది, వెనక వరసల నుంచి ఈలలు మొదలయ్యాయి. "గిట్లనే కొట్టు భయ్, ఇగ ఆపకు!" అని దాదా అరిచాడు. ఆపలేదు. ఆపితే మళ్ళీ నా వాయింపు వినిపిస్తుంది కదా!

మర్నాడు పిలుపొచ్చింది. ఉద్యోగం పోయిందనుకుంటూ వెళ్ళాను. రాత్రి కంగారులో వేదిక మీదే వదిలేసి వచ్చిన నా పెడల్ ఆయన బల్ల మీద విప్పి పెట్టి ఉంది.

"ఈ వైరింగు ఎవరిది?"

"నాదేనండి."

"మంచి చేతులయ్యా. తీగెల మీద మాత్రం పెట్టకు" అని, నన్ను టెస్టింగు విభాగానికి మార్చారు. పర్మనెంటు అయ్యింది అక్కడే.

మరుసటి ఏడు వార్షికోత్సవంలో నా గిటారునూ పెడల్‌నూ తీసుకుని పెయింటు విభాగం కుర్రాడొకతను వాయించాడు. అద్భుతంగా వాయించాడు. "ఎంత బాగా పలికిస్తున్నాడ్రా!" అన్నారు పక్కనున్న బావగారు. "ఆ స్విచ్చు నేను వేసిందే, బావగారూ" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. సభంతా అతని వేళ్ళను చూస్తుంటే నేనొక్కణ్ణే మెడ సాచి అతని కాలిని చూస్తూ కూర్చున్నాను, పెడల్ ఎప్పుడు ఆపుతాడా అని. ఆపాడు. గిటారు తేటగా పలికింది. ఆ క్షణాన, భుజాల దాకా జుట్టుతో మెడ సాచి కూర్చున్న అప్పటి నా మొహం ఎలా వెలిగి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పటి ఆ నన్ను చూస్తే కాస్త అసూయ కూడా.