మాధవీలత గారి ఆంప్లిఫయర్

యలమంద గిలకలదిండి మనిషంటే బందర్లో చాలామంది నమ్మేవారు కాదు. తండ్రీ తాతా సముద్రం మీద వేటకెళ్ళి బతికినవాళ్ళు. ఈయనకేమో పడవెక్కితే కడుపులో తిప్పేది. అందుకని రేడియోలు బాగుచేసే పున్నారావు దగ్గర, గాజు బల్బుల్లాంటి వాల్వుల పని నేర్చుకుని, బస్టాండు వెనక సందులో కొట్టు పెట్టుకున్నాడు. తొంభై ఏడు నాటికి వాల్వు రేడియో అన్నది ఊళ్ళో మిగల్లేదు. టేపురికార్డర్లూ టీవీలతో రోజులు వెళ్ళిపోతున్నాయి.

ఆ ఏడు శ్రావణంలో ఓ మధ్యాహ్నం కొట్టు ముందు రిక్షా ఆగింది. దిగినావిడకి నలభై దాటాయి, కణతల దగ్గర జుట్టు నెరిసింది. ఆవిణ్ణి చూసి పోల్చుకోలేదు గానీ, రిక్షా అతను దించిన చెక్కపెట్టె చూడగానే యలమంద లేచి నిలబడ్డాడు. ఆ పెట్టె తన చేత్తో చేసిందే.

"బాగున్నారా యలమంద గారూ?"

"రండి మాధవీలత గారూ, కూర్చోండి" అంటూ స్టూలు తుడిచాడు. శుభ్రంగానే ఉన్నా మళ్ళీ తుడిచాడు.

మాధవీలత హైస్కూలు మేష్టారి కూతురు. పెళ్ళికి ముందు ఓ ఆర్కెస్ట్రాలో, ఒళ్ళో పెట్టుకుని వాయించే హవాయి గిటారు వాయించేది. మోపిదేవి, అవనిగడ్డ, గుడివాడ, ఎక్కడ ప్రోగ్రామున్నా అన్నగారిని తోడు తీసుకుని వెళ్ళేది. ఆ గిటారుకి ఆంప్లిఫయర్ కట్టిచ్చింది యలమందే. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చిన మరుసటేడు ఆవిడకి బ్యాంకు ఉద్యోగితో పెళ్ళయింది. తర్వాత యలమంద కూడా అమ్మాజీని చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. ఏ లోటూ లేదు.

"గొంతు బొంగురుపోయింది దీనికి" అంది పెట్టె మీద చెయ్యేసి. "మావారికి రాయపూర్ బదిలీ అయింది. అక్కడ వాల్వుల పని తెలిసినవాళ్ళు దొరుకుతారో లేదో. మీరే చూడాలి."

పెట్టె వెనక మరలు తీశాడు. పెద్ద వాల్వులు రెండూ నల్లబడి ఉన్నాయి. ఎప్పుడో సినిమా హాలు కోసం తెప్పించిన కొత్త జత ఒకటి కాగితంలో చుట్టి సొరుగులో మిగిలి ఉంటే, తీసి వేశాడు. కొత్తవి వేస్తే సరిపోదు, బయాస్ కూడా పెట్టాలి. అంటే గిటారు మోగనప్పుడు వాల్వులో ఎంత కరెంటు పారాలో చూసి కట్టడి చెయ్యడం. మరీ తక్కువైతే పలుకు గరుకుగా ఉంటుంది. ఎక్కువైతే తియ్యగా పలుకుతుంది గానీ ఆ వేడికి వాల్వులు తొందరగా పోతాయి.

మీటరు ముల్లు ఎక్కువా తక్కువా కాకుండా ముప్పై అయిదు దగ్గరికి రాగానే స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. మాధవీలత గిటారు తీసి, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి చూసింది.

"బాగుంది. కానీ అప్పట్లో ఇంకా తియ్యగా ఉండేది కదండీ?"

యలమంద తలెత్తలేదు. "అప్పుడు కావాలనే బయాస్ ఎక్కువ పెట్టేవాణ్ణండి."

"ఎందుకూ?"

"వాల్వులు తొందరగా పోతే మీరు మళ్ళీ తీసుకొస్తారని."

వీధిలో బస్సేదో హారను కొట్టుకుంటూ వెళ్ళింది. ఆవిడ ఉక్కు కడ్డీని తీగల మీంచి తీసింది.

"నాకు తెలుసు" అంది మెల్లగా. "మా అన్నయ్య అప్పట్లో ఓసారి దీన్ని బెజవాడలో చూపించాడు. అక్కడాయన బయాస్ తగ్గించి పెట్టి, ఇంక రెండేళ్ళ దాకా చూసుకోనక్కర్లేదన్నాడు."

"మరి... ఆ తర్వాత కూడా నా దగ్గరికే తెచ్చారేంటండీ?"

"వారం తిరక్కుండానే తెచ్చాను. పలుకు బాగాలేదని ఇంట్లో చెప్పాను."

యలమంద చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక పెట్టెని కూడా తుడిచాడు. అప్పుడు అడిగాడు. "ఇప్పుడెలా ఉంచమంటారు?"

"ఎక్కువ కాలం వచ్చేలాగే ఉంచండి" అంది ఆవిడ.

మరలు బిగించి, పెట్టె తనే మోసుకెళ్ళి రిక్షాలో పెట్టాడు. కుదుపులకి కదలకుండా తాడుతో కట్టాడు. ఆవిడ ఎక్కి కూర్చుని, "అడ్రసు రాసివ్వనా? ఎప్పుడైనా అటు వస్తే..." అంది.

"వద్దులెండి" అన్నాడు. ఎందుకన్నాడో తనకే తెలీదు. రిక్షా సందు మలుపు తిరిగాక నాలుగడుగులు పరిగెత్తాడు కూడా. అప్పటికే అది రోడ్డెక్కి జనంలో కలిసిపోయింది.

తర్వాత ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు. మూడేళ్ళ తర్వాత ఒకసారి ఏదో పని మీద గుడివాడ వెళ్ళినప్పుడు, టీ కొట్టు దగ్గర చేపల లోడుతో ఉత్తరాదికి పోయే లారీ డ్రైవరు ఒకడు కనిపించాడు. యలమంద టీ గ్లాసు పట్టుకుని అతని పక్కకెళ్ళి నిలబడ్డాడు.

"రాయపూర్ ఎంత దూరం బాబూ?"

"మధ్యలో ఆగకపోతే ఒక పగలూ ఒక రాత్రీ అండి. ఏం, మీవాళ్ళున్నారా?"

"లేరు" అన్నాడు యలమంద. గ్లాసులో మిగిలిన టీ తాగేసి, "అంతేనా దూరం!" అన్నాడు.