విల్‌ఫ్రెడ్ మావయ్య బండి పరీక్ష

విల్‌ఫ్రెడ్ మావయ్య పరీక్ష చేయకుండా ఏ బండీ ఎక్కడు, ఎవరినీ ఎక్కనివ్వడు. గూడ్సు రైలు గార్డుగా చేసి రిటైరయ్యాడు. రైల్వేవాళ్లు ఆయన దగ్గర్నుంచి లాంతరు వెనక్కి తీసుకున్నారు గానీ గార్డుతనాన్ని తీసుకోవడం మరిచిపోయారు. మా ఖరగ్‌పూర్ ఝపటాపూర్లో టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కాలన్నా సరే, ముందు దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తాడు. టైరును కాలితో తంతాడు. బ్రేకు నొక్కమంటాడు, వెనక దీపం వెలిగించమంటాడు. అన్నీ కుదిరితే చంకలో సంచిలోంచి పచ్చజెండా తీసి ఊపుతాడు. అప్పుడే బండి కదలాలి. ఆయన వీధి మలుపులో కనిపిస్తే చాలు, టోటోవాళ్లు పక్క సందులోకి తిప్పేసుకుంటారు.

మా వీధి కుర్రాడు టోని పెళ్లినాడు పూలు కట్టిన కారుకు వెనక దీపం ఒకటి వెలగలేదు. "ఎనక దీపం నేని బండిని నాను పంపను," అని మావయ్య దానికి అడ్డంగా నిలబడ్డాడు. పెళ్లికొడుకు కోటూ బూటూ వేసుకుని మా నాన్న స్కూటర్ వెనక కూర్చుని చర్చికి వెళ్లాడు. ఆ స్కూటరుకు కూడా ముందు జెండా ఊపాడు లెండి.

ఇలాంటి మనిషితో కలకత్తా ఎయిర్‌పోర్టుకు వెళ్లే యోగం నాకు పట్టింది. మావయ్య మరదలు సుజాతమ్మ పిన్ని మా ఊరి తెలుగు చర్చి పాటబృందానికి పెద్ద. నాది వేరే మతమైనా తబలా నా చేతికే ఇచ్చింది. కలకత్తా ధర్మతల్లాలో ఒక హాల్లో అన్ని భాషల పాటల పండుగ పెట్టి, మొదటిసారి మమ్మల్నీ పిలిచారు. బృందమంతా ఖరగ్‌పూర్ నుంచి లోకల్ రైల్లో వస్తోంది. అన్నగారింటి శుభకార్యానికి విశాఖ వెళ్లిన పిన్ని మాత్రం తిన్నగా విమానంలో దిగుతోంది. మొదటి పాట ఆవిడ ఒక్కతే ఎత్తుకోవాలి. ఆవిడ రాకపోతే మేమంతా తెల్లబట్టలు కట్టుకుని వేదిక మీద నిలబడి తిరిగి రావడమే. అందుకని మావయ్యా నేనూ ఎదురెళ్లాం. నాకు రాత్రంతా నిద్ర లేదు, అంత సంబరంగా ఉంది.

పిన్ని ఎగురుకుంటూ బయటికి వచ్చింది. "మోహనా, మబ్బుల మీద నుంచి వచ్చినాన్రా. గొంతు గంటలా ఉన్నాది. పద పద, బండెక్కడ?"

నేను అప్పటికే ఫోన్లో ఏసీ కారు పిలిచి ఉంచాను. మావయ్య దాని చుట్టూ తిరిగాడు. టైరును తన్నాడు. డ్రైవరు కుర్రాడు తల పట్టుకున్నాడు. "కాకూ, గాడీ ఏక్‌దమ్ నయీ హై."

"అదే నా బయ్యం," అన్నాడు మావయ్య నాతో. "కొత్త బ్రేకు ఇంకా పని నేర్సుకోనేదు. వద్దు."

పసుపు టాక్సీ వచ్చింది. హారను కొట్టించి విన్నాడు. "దీని గొంతు బాగునేదు. పాటకెళ్లే మనిషి ఇలాంటిది యినకూడదు."

"బావా, నాను హారనుతో కలిసి పాడతానేటి?" అంది పిన్ని.

ఏసీ బస్సు వచ్చింది. మావయ్య కిటికీలు తట్టి చూశాడు. "అద్దాలు తెరుసుకోవు. ఏదైనా అయితే ఎలా దూకుతావు?"

"ఈ వయసులో నాను దూకాలా?"

బస్సు వెళ్లిపోయింది. హాలు నుంచి బృందంలోని శామ్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. "పిన్ని ఎక్కడున్నాది? మన పేరు పిలవడానికి సిద్ధంగా ఉన్నార్రా."

నాకు ఒళ్లు మండింది. "మావయ్యా, పొద్దున్న హౌరా నుంచి మనం తలుపుకు తాడు కట్టిన టాక్సీలో రానేదా? దానికి జెండా ఊపినావు కదా."

"దానికి తాడైనా ఉన్నాది. ఈటికి అదీ నేదు," అన్నాడు మావయ్య, ఏమాత్రం తొణక్కుండా. "మెట్రో ఉన్నాది కదేటి, పదండి."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా."

"పరీక్ష సెయ్యకుండా ఎలా సెప్తాన్రా?"

పెట్టెలూ మూటా పట్టుకుని పరుగెత్తాం. మెట్రో మెట్ల దగ్గర తనిఖీవాళ్లు జెండా చూసి ఏమిటిదన్నారు. మావయ్య బెంగాలీలో తన సర్వీసంతా చెప్పబోతే పిన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. మేం ఎక్కగానే రైలు ఆయన జెండా కోసం ఆగకుండానే కదిలిపోయింది. నోవాపాడాలో రైలు మారాం. అక్కడా అంతే. మావయ్య చిన్నబుచ్చుకుని బోగీ చివరికి పోయి నిలబడ్డాడు.

నేను పిన్ని పక్కన కూర్చుని గొణిగాను. "ఇతని పిచ్చితో ఇయాళ మన పాట పోయినట్టే."

పిన్ని నా చెవి దగ్గర వంగింది. "ఆ బ్రేకూ నేదు, హారనూ నేదు. కారెక్కితే నాకు కడుపు తిప్పేస్తాది రా. బస్సైనా అంతే. దిగాక పూటంతా గొంతు పెగలదు. రైలొక్కటే పడతాది, ఇమానం కూడా పరవానేదు."

"మావయ్యకు నువ్వు సెప్పినావా?"

"నానెప్పుడూ సెప్పనేదు. అతనెప్పుడూ అడగనేదు. దీఘా బీచి పిక్నిక్‌లో జీపు దారిలో ఉండగా, స్ప్రింగు పోయినాదని అతనే ఆపించేసినాడు. అందరూ అతన్ని తిట్టినారు. నాను సెట్టు సాటుకి పోయి కక్కుకుని వచ్చినాను."

నేను మావయ్యకేసి చూశాను. ఆయన తలుపు రబ్బరును గోటితో గీకి పరీక్షిస్తున్నాడు. ఇన్నేళ్లూ ఆయన్ని ఎన్ని మాటలన్నామో తలుచుకుంటే సిగ్గేసింది. పిన్ని ఎందుకు దాచిందో కూడా నాకు తెలుసు. శ్రుతి తప్పినవాణ్ని ఆవిడ నలుగురిలో నిలబెట్టి ఏడిపిస్తుంది. ఆవిడెప్పుడు దొరుకుతుందా అని శామ్ లాంటివాళ్లు కాచుకుని కూర్చున్నారు.

మా పేరు పిలుస్తుండగా హాల్లో అడుగుపెట్టాం. పిన్ని పెట్టె నా మీదికి తోసి తిన్నగా వేదిక ఎక్కింది. ఆ గొంతు లేచేసరికి ముందు వరుసలో తాంబూలం నములుతున్న పెద్దమనిషి నమలడం ఆపేశాడు. నా వేళ్లు తబలా మీద వాటంతటవే ఆడాయి. పాట అయ్యాక జనం లేచి నిలబడ్డారు. ఆ క్షణంలో కలకత్తా అంతా మాదే అనిపించింది.

బయటికి వచ్చేసరికి నిర్వాహకులు పిన్నిని హౌరాలో దింపడానికి పెద్ద కారు తెచ్చి పెట్టారు. మావయ్య కారు చుట్టూ తిరగడం మొదలెట్టాడు. బృందం మొత్తం మూలిగింది. ఈసారి నేను మూలగలేదు. నేనూ వెళ్లి ఒక టైరు తన్నాను. "గాలి సరిపోదు మావయ్యా."

ఆయన నాకేసి ఎగాదిగా చూశాడు. "ఔను, సరిపోదు. గంగ మీద లాంచీలో ఎల్దాం. గాలికి గాలి, దారికి దారి."

కుర్రాళ్లు ఈలలు వేశారు. బాబూఘాట్ రేవు దాకా పాడుకుంటూ నడిచి లాంచీ ఎక్కాం. మావయ్య దాన్ని పరీక్షించబోయాడు గానీ తన్నడానికి టైరు దొరకలేదు. నది మధ్యకు వచ్చేసరికి అలలు పెరిగాయి. లాంచీ ఊగింది. మావయ్య కమ్మీని రెండు చేతులా కరచుకుని కళ్లు మూసుకున్నాడు. మొహం ఆయన జెండా రంగుకు తిరిగింది.

శామ్ చూడనే చూశాడు. "ఒరే, మావయ్యకు ఏటో అయినట్టున్నాది. పరీక్షలో మావయ్యే ఫెయిలురా."

అందరూ అటు తిరిగేలోగా పిన్ని లేచి తల పట్టుకుంది. "నాకే తల తిరుగుతున్నాది. కడుపులో దేవుతున్నాది. బావా, కాస్త నన్ను అవతలి పక్కకి తీసుకెళ్లు."

బృందం మొత్తం మావయ్యను వదిలేసి ఆవిడ మీద పడింది. "సుజాతమ్మ పిన్నికి తల తిరిగినాదంట," అని శామ్ చప్పట్లు కొట్టాడు. "ఇప్పుడు శ్రుతి ఎవరిది తప్పినాది పిన్నీ?"

"నాదే తప్పినాది. ఏటి సేస్తావు?" అంటూ ఆవిడ మావయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆయన్ని దాదాపు మోసుకుంటూ, గాలి వచ్చే వైపుకు నడిపించుకుపోయింది.