బేసు మింగిన వాక్యం

మంటిని మలిచి, ఆ మంటికి వినే చెవినిచ్చిన దేవునికి స్తోత్రం. మాట పలికి లోకాన్ని చేసినవాడు ఆయన. ఆ మాట ఒక మనిషికి అందకుండా మా సంఘం ఎలా అడ్డుపడిందో ఆయన ఎదుటే చెబుతున్నాను. కోపంతోనే చెబుతున్నాను.

తొంభైల మొదట్లో, భద్రాచలం దాటాక వచ్చే చర్ల అవతల అడవి అంచున, మేము ఏటా ఎండాకాలం సభలు పెట్టేవాళ్లం. తాటాకు పందిరి, గుంజలకు కట్టిన రెండు బూర స్పీకర్లు. ఆ మైకు సెట్టు చూసుకునేది నేనే. బూరల గొంతు కీచుగా ఉండేది గానీ ప్రతి మాటా వాగు దాకా స్పష్టంగా వినబడేది.

మా సంఘంలో ఒక కట్టడి ఉండేది. బాప్తిస్మం కోరినవారు ఉదయం బోధకుడు చెప్పిన వాక్యాన్ని మధ్యాహ్నం పెద్దల ముందు నిలబడి తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఆ ఏడు ఒక కోయ ముసలమ్మ బాప్తిస్మం కోసం అడవి దాటి నడిచి వచ్చింది. ఆమెకు చదువు రాదు. తెలుగు కూడా సంతలో విని నేర్చుకున్నదే.

ఆ ఏడే మా సంఘ కార్యదర్శి ఖమ్మం నుంచి కొత్త సెట్టు కిరాయికి తెప్పించాడు. లోతుగా గుమ్మని మోగే, బీరువాలంత బేసు డబ్బాలు. దానితో వచ్చిన ఆపరేటరు కీబోర్డు, డోలక్, బోధకుడి మైకు అన్నీ కలిపి ఆ డబ్బాల్లోకే పంపి, బేసు నాబ్ చివరిదాకా తిప్పాడు.

"అన్నా, డోలక్, కీబోర్డు డబ్బాలకు పోనియ్యి. అయ్యగారి మైకుకు బేసు తీసెయ్యి, గొంతు బూరలకే ఇయ్యి" అన్నాను.

"బేసు లేకుంటే సప్పగుంటదే! పెండ్లిళ్లల్ల గిట్లనే పెడ్తం" అని నవ్వాడు ఆపరేటరు.

కార్యదర్శి నన్ను పక్కకు నెట్టాడు. "జర జరుగు తమ్మీ. పక్క సంఘపోళ్లు మన సౌండ్ ఇని కుళ్లుకోవాలె."

బోధ మొదలైంది. బోధకుడు నోరు తెరిస్తే పందిరి గుంజలు వణికాయి. ఊపిరి తగిలినా, మైకుకు చెయ్యి తగిలినా ఉరుమే. ఆ హోరులో మాటలు మునిగిపోయాయి. తెలుగు ఇంట్లో పుట్టిన నేనే సగం ఊహించుకోవలసి వచ్చింది.

మధ్యాహ్నం పెద్దల ముందు మిగిలినవాళ్లు ఊహించుకున్నదేదో కలిపి చెప్పి గట్టెక్కారు. ముసలమ్మ ఏమీ చెప్పలేకపోయింది.

"ఏందమ్మా, గంత సౌండ్ పెడితే ఇనబడలేదా? చెవుడా?" అన్నాడు కార్యదర్శి.

"చెవుడు లేదు బిడ్డా. ఉరుము మంచిగనే ఇనబడ్డది. అయ్యగారే ఇనబడలె."

అందరూ నవ్వారు. కార్యదర్శి నవ్వలేదు. మళ్లీ చెప్పిద్దామంటే బోధకుడు అప్పటికే భద్రాచలం బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను ఆమె పక్కన కూర్చుని, విన్నంతలో ఆ వాక్యం చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని విని, ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది.

"నువ్వు చెప్పింది లెక్కకు రాదు, స్టేజీ మీద నుంచి ఇన్నదే లెక్క. వచ్చే ఏడు రా అమ్మా" అని తేల్చేశాడు కార్యదర్శి.

"తప్పు ఆమెది కాదు, మన డబ్బాలది!" అని అరిచాను. పెద్దలు కండువాలు దులుపుకుని లేచిపోయారు. వాక్యం వినబడకుండా చేసింది మనం, వినలేదని శిక్ష వేసింది ఆమెకు. ఇదేం న్యాయం? దేవుడు ప్రవక్తతో మెల్లని స్వరంతో మాట్లాడాడని పిల్లలకు నేర్పేది ఈ పెద్దలే కదా!

సాయంత్రం మిగిలినవాళ్లు పెద్దల చేతుల మీద వాగులో మునిగి లేస్తుంటే, వాళ్ల పొడి బట్టలు పట్టుకుని ఒడ్డున నిలబడింది ఆమే. గట్టు మీద బేసు మోగుతూనే ఉంది.

మరుసటి ఏడు ఆమె రాలేదు. వాళ్ల గూడెమంతా పోడు సేద్యానికి చోటు వెతుక్కుంటూ అడవి లోపలికి పోయిందన్నారు. ఇప్పటికీ ఏ గుడారంలోనైనా బోధకుడి గొంతు ఆ డబ్బాల్లో పడి నలుగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

చదివే సహోదరులారా, నాతో కూడా ఒక్కమాట ప్రార్థించండి: ప్రభువా, ఆ తల్లి ఏ వాగు దగ్గర ఉన్నా, నీ మాట ఆమె చెవిన వేసే ఒక మనిషి గొంతును పంపు. నీళ్లలో ఆమె చెయ్యి పట్టుకునేవాళ్లను పంపు. ఆమెన్.