ఒంటిగంట కేక

నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి, తప్పులుంటే మన్నించండి. ఐదో తరగతితో చదువు ఆపేశాను. మా కృష్ణానగర్ ఇంట్లో కింది గదిలో ఉండే సౌండ్ మాస్టారు పోయిన సోమవారం పొద్దున నిద్రలోనే పోయారు. పెద్దకర్మ రోజు చదవడానికి, అద్దెకున్నవాళ్లంతా తలా ఒక కాగితం రాయాలని ఓనరమ్మ చెప్పింది.

మాస్టారు సినిమా సెట్లలో మాటలు రికార్డు చేసేవారు. ఆ పని మానేశాక మా ఇళ్లలో చప్పుళ్లు వినేవారు. ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపారు.

"అమ్మాయ్, మీ ఇంట్లో ఒక్క కంచం చప్పుడే వినిపిస్తోంది. మీ ఆయన తినట్లేదా?"

సిగ్గుపడుతూనే ఫోను సంగతి చెప్పాను. మా ఆయన గ్రూప్ డాన్సరు. ఏజెంటు ఫోను ఎత్తకపోతే పని ఇంకొకరికి పోతుంది. అందుకని ఫోను చేతిలోనే. చేతిలో ఉంది కాబట్టి వీడియోలు. పక్కన నేను, చల్లారిన అన్నం. పెళ్లయి ఏడాదైనా, నాతో నాలుగు మాటలు మాట్లాడమని అడగడానికి నాకు నోరు రాలేదు.

మాస్టారు ఆయన్ని పిలిచారు. "ఫోను వాచ్‌మన్‌లా ఉండాలోయ్. పనున్నవాళ్లనే లోపలికి పంపాలి. నీ వాచ్‌మన్ ఊరందరినీ తెచ్చి నీ కంచం ముందు కూర్చోబెడుతున్నాడు."

"ఏజెంట్ ఫోన్ మిస్సయితే నా గతేంది సార్?"

"అదొక్కటే గట్టిగా మోగుతుంది. మిగతావి నోరు మూసుకుంటాయి."

అలాగే మార్చి ఇచ్చారు. పైగా ఒంటిగంటకి నా గొంతుతో అలారం పెడతానన్నారు. ఫోను నా ముందు పెడితే గొణిగాను.

"ఫ్యాన్ వినపడుతోంది, నువ్వు వినపడట్లేదు. వన్ మోర్!"

ఏడో టేకు ఓకే అయింది. "ఇగో, అన్నం పెట్టిన. ఫోన్ జర పక్కన పెట్టు." ఎదురుగా ఎన్నడూ అనని మాట.

మాస్టారి ఫోనులోనూ ఒకటుండేది, సొంత గొంతుతో. "సైలెన్స్! ఫోను పక్కన పెట్టు, అన్నం తిను!" రోజూ తన మీద తనే అరుచుకునేవారు.

వారం తర్వాత జూబ్లీ హిల్స్ బంగ్లాలో షూటింగ్. చావు సీను. ఆ రోజు డాన్సు పని లేక, మా ఆయన ఏడ్చే గుంపులో ఉన్నాడు. ఫోను మోగకుండా నొక్కి నడుముకి దోపుకున్నాడు, అలారం ఆగదని తెలియక. శవం పక్కన నా గొంతు అన్నానికి పిలిచింది. ముందు శవమే నవ్విందట.

"ఎవరయ్యా ఆవిడ? టైముకి చెప్పింది. లంచ్ బ్రేక్!" అన్నారట డైరెక్టరు.

మా ఆయన ఇంటికొచ్చి నన్ను తిడతాడనుకున్నాను. "నీ గొంతు గంత మంచిగుంటదని నాకు తెల్వదే. మళ్లొకసారి అను," అన్నాడు. అన్నాను. ఒక్క టేకే.

సోమవారం మాస్టారిని వాకిట్లో పడుకోబెట్టాక, వచ్చినవాళ్లంతా ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. ఒంటిగంటకి గదిలోంచి మాస్టారు అరిచారు. చేతులన్నీ దిగిపోయాయి. మా ఆయన చెయ్యి ముందు దిగింది.

ఆ ఫోనుని ఓనరమ్మ తీయనివ్వలేదు. తాళం వేసిన గదిలో ఛార్జింగ్‌లోనే ఉంది. ఇదిగో, ఇప్పుడే కేక వినబడింది. పై వాటాల్లో కంచాల చప్పుడు మొదలైంది. మా ఆయన పీట మీద కూర్చుని నాకోసం చూస్తున్నాడు, నేను వెళ్లాలి. చదివాక ఈ కాగితం కాల్చేయండి. ఫోటో మాత్రం తీయకండి.