ఐదో మంచం దగ్గర చెప్పిన ఇంగ్లీషు

సరితకు సూదులంటే భయం లేదు, రక్తమంటే భయం లేదు. భయమల్లా మధ్యాహ్నం రెండు గంటలంటేనే. సూర్యాపేటలో ఆమె నర్సుగా చేసే ప్రైవేటు దవాఖానలో రెండింటికి డ్యూటీ మారుతుంది. దిగిపోయే నర్సు ఒక్కో మంచం దగ్గర నిలబడి, ఆ పూట రోగికి ఏమేం చేసిందో ఎక్కే నర్సుకు ఇంగ్లీషులోనే చెప్పాలి. హెడ్ నర్సు శోభారాణి మేడం పక్కనే ఉండి వింటుంది. నెలాఖరుకు సరిత ఉద్యోగం పర్మినెంటు అవుతుందా లేదా అన్నది ఆ మేడం చేతిలోనే ఉంది.

కోదాడ పక్క చిలుకూరు దగ్గరి తండాలో పుట్టిన పిల్ల. ఇంట్లో లంబాడీ, బళ్లో తెలుగు. ఇంగ్లీషు మూడోది, అదీ పుస్తకంలోనే. పొద్దున ఇచ్చిన మాత్రను రేపు ఇవ్వబోతున్నట్టు చెప్పి ఒకసారి వార్డంతా నవ్వించింది. సిగ్గుతో చచ్చిపోయింది పాపం. అప్పటినుంచి కోదాడ బస్సులో రోజూ ఒకటే పని: ఐ వెంట్, ఐ గేవ్, ఐ టుక్. పక్క సీటువాళ్లు ఏ దేవుడి జపమో అనుకునేవారు. అదీ చాలదని పన్నెండింటికే రిపోర్టు మొత్తం కాగితం మీద రాసుకుని, మెట్ల కింద నిలబడి బట్టీ కొట్టేది. పని ఇంకా మిగిలుండగానే అయిపోయినట్టు రాసుకునేది. ఎలాగూ చేసేదేగా అనుకునేది, పిచ్చిది.

ఆ గురువారం ఐదో మంచం గౌరయ్యకు భోజనానికి ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. మిర్యాలగూడ నుంచి అన్నం తెచ్చే భార్య గోపమ్మకు బస్సు దొరకలేదు. అన్నం రాకుండా ఇన్సులిన్ ఇవ్వకూడదు కదా, సరిత ఆగింది. ఈలోగా రెండయింది. బట్టీ పట్టింది పట్టినట్టే, ఒక్క మాట తడబడకుండా అన్ని మంచాలూ అప్పజెప్పేసింది. మేడం తలెత్తి చూసి గుడ్ అంది.

ఇంటికి పోయే బస్సు మునగాల చేరుతుండగా ఆ సంబరంలో మొత్తం మళ్లీ చెప్పుకుంది. ఐ గేవ్ ఇన్సులిన్ దగ్గర నోరాగిపోయింది. ఎప్పుడిచ్చింది? ఇవ్వనేలేదు. ఫోను చేస్తే, డ్యూటీ ఎక్కిన రజని తాపీగా, ఇచ్చినట్టు నువ్వే చెప్పావుగా, గోపమ్మ అన్నం తెచ్చాక ముసలాయన కడుపునిండా తిని పడుకున్నాడంది.

"చెప్పిన గానీ ఇయ్యలే అక్కా. జర షుగర్ సూడు, డాక్టర్‌ను పిలువు."

అక్కడే దిగి ఎదురొచ్చిన బస్సెక్కింది. ముసలాయనకు ఏమన్నా అయితే ఎట్లా అన్న బెంగతో దారంతా వేళ్లు నలుపుకుంటూనే ఉంది. ఉద్యోగం సంగతి వార్డులో మేడం ముఖం చూసేదాకా గుర్తేరాలేదు. షుగర్ నాలుగు వందలు దాటిందట. డాక్టరొచ్చి ఇన్సులిన్ ఇప్పించి, ఇక పర్వాలేదన్నాడు. ఏదో చిన్న ఆలస్యమని రాసేద్దామని రజని సైగ చేసింది. సరిత వినలేదు. జరిగింది జరిగినట్టు మేడంకు చెప్పేసింది. పర్మినెంటు మాట ఇప్పట్లో ఎత్తొద్దంది మేడం.

సరిత గౌరయ్య మంచం దగ్గరికి పోయి, తప్పయింది తాతా అని చేతులు పట్టుకుంది. ఆయనకు కోపం రాలేదు, అదే ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

"గీడ్నే నిలబడి చెప్పినవ్ గద బిడ్డా, నేను వింటనే ఉన్న," అన్నాడు గౌరయ్య. "తెలుగుల చెప్తే గప్పుడే చెప్పేటోన్ని, నాకింకా సూది ఇయ్యలేదని."