మీగడ టీ, పూల టీ

మార్చి నెల రెండో ఆదివారం, పొద్దున పదిన్నర గంటలకి. పదిన్నర అని మా అమ్మాయి ఫోను చెప్పింది. వంటింట్లో పొయ్యి మీదుండే గడియారం మాత్రం ఇంకా తొమ్మిదిన్నర దగ్గరే ఉంది. ఈ దేశంలో ఆ రోజు గడియారాలు గంట ముందుకి జరుపుతారు, ఆ పొయ్యి గడియారాన్ని జరపడం మా అల్లుడికి ఏ ఏడూ గుర్తుండదు. పిస్కాటవే అనే ఈ ఊళ్ళో మా ఇంటి వెనక అప్పటికింకా చెట్లు చిగురించలేదు. చికాగో దగ్గర కాలేజీలో చదువుకునే మా మనవరాలు సెలవలకి వచ్చి, డైనింగ్ టేబుల్ మీద చిట్టి చిట్టి తెల్లకప్పులు పరిచి, రెండు పొట్లాలు విప్పింది. అది అక్కడ శనాదివారాలు ఒక టీ దుకాణంలో పనిచేస్తుంది. రెండూ ఊలాంగు అనే రకం ఆకు టీలేనట. ఒకటి మీగడలా ఉంటుందట, ఇంకోటి పూలలా ఉంటుందట. ఆకంతా మిరియం గింజల్లా చుట్టుకుపోయి ఉంది. రెండు చిన్న టీ కూజాల్లో వేసి వేడినీళ్ళు పోయగానే గింజలన్నీ ఒళ్ళు విరుచుకుంటూ ఆకులైపోయాయి. ఆ ఆవిరి నా మొహానికి తగిలిందో లేదో, నేను పిస్కాటవేలో లేను, మాచర్ల బస్టాండులో ఉన్నాను.

మన ఈడు వాళ్ళకి ఆ బస్టాండు ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. మాచర్ల కాకపోతే ఇంకో ఊరిది, అన్నీ ఒకటే. అందులో గోడవారగా మా టీ బండి. మా ఆయన పంపుపొయ్యి దగ్గర, నేను గ్లాసుల దగ్గర. మా టీ తడిసిన ఇటుక రంగులో ఉండేది, పొడి తప్ప ఆకు అనేది ఎలా ఉంటుందో మేమెన్నడూ చూసి ఎరగం. కానీ మా ఆయనకి ముక్కుండేది. ముక్కు అందరికీ ఉంటుంది, ఆయనకున్నట్టు ఎవరికీ ఉండేది కాదు. గిన్నెలోకి తొంగిచూసేవాడు కాదు, నాలుక మీద వేసుకునేవాడు కాదు. పక్కకి తిరిగి ఎవరితోనో బస్సుల సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూనే, ఆవిరిలో వాసన మారిన క్షణంలో గిన్నె దించేసేవాడు. పాలలో నిన్న సాయంత్రంవి కలిస్తే మూత తీయకముందే చెప్పేవాడు, అందుకని పాలామె మా బండి దగ్గరికి వచ్చేటప్పుడు మా ఆయనకి గాలి వచ్చే వైపు నిలబడేది కాదు. నేను మా పుట్టింటికి వెళ్ళి మా అమ్మ చేత తల దువ్వించుకుని వస్తే, ఎక్కడికెళ్ళావని అడిగేవాడు కాదు, గానుగ నూనె వాసన పట్టి మీ అమ్మ బాగుందా అని అడిగేవాడు. కొత్తగా పెళ్ళైన రోజుల్లో నాకది భయంగా ఉండేది, ఏదీ దాచుకోవడానికి లేదని. తర్వాత తర్వాత ఏదీ చెప్పక్కర్లేదని అర్థమై హాయిగా ఉండేది.

ఇంకొక్కటి చెప్పి ముందుకెళ్తాను. వడకట్టాక గుడ్డలో మిగిలే పిప్పిని మా ఆయన మళ్ళీ గిన్నెలో వేసేవాడు కాదు. మాకెదురుగా ఉన్న హోటలువాడు ఆ పిప్పినే రెండోసారి, మూడోసారి మరగబెట్టి రంగు తెప్పించేవాడు. మా బస్టాండులో ఒక మనిషిని తిట్టాలంటే వాడి కులం గోత్రం ఎత్తక్కర్లేదు, పిప్పి టీ వాడు అంటే చాలు, కొట్లాటే.

మా అమ్మాయి చదువుకుని, ఈ రాష్ట్రంలో మందుల కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుని, బిడ్డ పుట్టాక మమ్మల్ని తీసుకొచ్చేసింది. నాకు అక్షరాలు వచ్చింది కూడా ఇక్కడికొచ్చాకే. మనవరాలికి అయిదేళ్ళప్పుడు ఆదివారం ఆదివారం తెలుగు క్లాసుకి తోడు పంపేవాళ్ళు నన్ను. కారు తోలడం రాని దాన్ని, మళ్ళీ ఇంటికెలా వస్తాను, ఆ క్లాసులోనే వెనక కూర్చునేదాన్ని. పంతులమ్మ నా కూతురి ఈడుది, ఒకరోజు నా ముందు కూడా పలక పెట్టి వెళ్ళిపోయింది. అలా నేనూ నా మనవరాలూ ఒకే క్లాసులో అఆలు దిద్దాం. ఒత్తుల దగ్గరికొచ్చేసరికి అది డాన్సు క్లాసుకి మారిపోయింది, నేను నిలబడ్డాను. అందుకే ఇది రాస్తున్నాను. తప్పులుంటే మీరే సర్దుకోండి, దిద్దడానికి మా ఇంట్లో ఇంకెవరికీ తీరిక లేదు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త సంవత్సరం రోజుల్లో మా ఆయనకి జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో తగ్గింది, అందరం మర్చిపోయాం. తర్వాత ఒకరోజు నేను పాలు పొయ్యి మీద పెట్టి ఆయన్ని చూస్తుండమని చెప్పి స్నానానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, ఇల్లంతా పొగ, పైకప్పుకున్న పొగగంట చెవులు పగిలేలా మోగుతోంది. ఆయన పొయ్యికి జానెడు దూరంలో వీపు పెట్టి వెల్లుల్లి వొలుస్తూ కూర్చున్నాడు. గంట మోగాకే లేచాడు. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. యాభై ఏళ్ళ కాపురంలో ఆ ముక్కు పక్కన పాలు మాడడం అదే మొదలు.

"అమ్మాయికి చెప్పమాక, కంగారు పడుద్ది," అన్నాడు. మాడిన గిన్నె కుళాయి కింద పెట్టి, "పిల్లకి అసలు చెప్పమాక," అన్నాడు. పిల్లంటే మనవరాలు. ముక్కు పోతే నాకింకేం మిగిలిందే అని కూడా అన్నాడు, ఆ మాట నా వైపు తిరగకుండా అన్నాడు.

చెప్పలేదు. కానీ చూస్తూ ఊరుకోవడం చెప్పినంత తేలిక కాదు. అన్నం మాత్ర మింగినట్టు మింగేవాడు. పంట్లాం బెల్టుకి కొత్త బెజ్జం పడింది. అన్నిటికంటే పాడు సంగతి, జన్మలో ఏ కూరనీ బాగుందని అనని మనిషి ప్రతి కూరనీ బాగుంది బాగుంది అనడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి మురిసిపోయేది. నాన్న ఇన్నాళ్ళకి నా వంట మెచ్చుకున్నాడని ఆఫీసులో కూడా చెప్పుకుందట.

ఇక ఆ ఆదివారం. మనవరాలు తన దుకాణంలో వాళ్ళందరికీ గొప్పలు చెప్పి వచ్చింది, మా తాతయ్య కళ్ళు మూసుకుని ఏ టీ అయినా చెప్పేస్తాడని. ఆ మాట విన్నప్పుడే ఆయన కుర్చీలో కొంచెం కిందికి జారాడు, నేనొక్కదాన్నే చూశాను. మొదటి విడత అందరం తాగాం. పాలు లేవు, చక్కెర లేదు; బాలింతకిచ్చే కషాయంలా ఉందని దాని మొహం మీదే అన్నాను. రెండో గుక్కకి ఊరుకున్నాను. మీగడ టీలో వెన్న కాగుతూ ఇంకా నెయ్యి కాకముందు వచ్చే కమ్మదనం ఉంది, పాలచుక్క లేకుండానే. పూల టీ కప్పు దించాక కూడా ముక్కులో నిలబడింది. ఇది బాగుందా అది బాగుందా అని తల్లీకూతుళ్ళు వాదించుకుంటూ ఉంటే, నేను అలవాటు కొద్దీ లేచి, రెండు కూజాల్లో ఆకూ తీసుకెళ్ళి కిటికీలో కరివేపాకు కుండీలో వేసి, కూజాలు కడిగేశాను.

"అమ్మమ్మా, ఏం చేశావ్? అది ఫస్ట్ స్టీప్, ఒక్కసారి నానింది అంతే. ఇంకా ఫైవ్, సిక్స్ టైమ్స్ వాడొచ్చు," అంది మనవరాలు, తల పట్టుకుని.

"మీ తాతకి పిప్పి తాగిస్తావా ఏందే," అన్నాడు మా ఆయన. ఆ పొద్దున ఆయన మనసారా అన్న మొదటి మాట అది.

"పిప్పి కాదు తాతయ్యా. ఫస్ట్ టైమ్ ఆకు నిద్ర లేస్తుంది అంతే. సెకండ్ టైమే బెస్ట్."

"నాన్నని మాచర్ల నుంచి బయటికి తీసుకురాగలిగాం కానీ పిప్పి గొడవ నుంచి తీసుకురాలేం," అంది మా అమ్మాయి.

"నేను కాఫీ పెట్టుకుంటా, అది సేఫ్," అంటూ అల్లుడు లేవబోయి, తన కూతురు చూసిన చూపుకి మళ్ళీ కూర్చున్నాడు.

పొట్లాల్లో మిగిలిన కాస్త ఆకుతో మనవరాలు మళ్ళీ టీ పెట్టింది. ఈసారి ఎవరికీ లేదు, తాతయ్యకే. కళ్ళు మూసుకోమంది. ఏది క్రీమీ, ఏది ఫ్లోరల్, నీకు ఈజీ అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొదటి కప్పు మీగడది, నాకు తెలుసు, కూజా చూశాను. ఆయన కప్పెత్తి వాసన చూసినట్టు నటించాడు. ఆయన రెప్పలు వణకడం నేను చూడలేకపోయాను. బస్టాండులో బస్సుల రొదకి మాట వినపడదు కదా, అందుకని గిరాకీ ఏది అడిగితే అది నేను చెంచాతో గ్లాసు మీద కొట్టి చెప్పేదాన్ని. పాలు ఎక్కువైతే ఒకసారి, పాలు తక్కువైతే రెండుసార్లు. ఆయన వెనక్కి తిరక్కుండానే పోసేవాడు. ఆ ఆదివారం నా చేయి దానంతటదే చెంచా తీసుకుని, పాలు ఎక్కువ అన్నట్టు, కప్పు మీద ఒకసారి కొట్టింది. చాలా మెల్లగానే కొట్టాను.

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. కోపంగా కాదు. కప్పు కింద పెట్టాడు.

"చెంచా పక్కన పెట్టవే," అన్నాడు. తర్వాత మనవరాలితో, "బంగారం, తాతకి వాసన తెలవట్లా. జొరం వచ్చింది చూడు, అప్పట్నించి. కూరల గురించి ఎన్ని అబద్ధాలైనా ఆడతా. టీ గురించి నావల్ల కాదు," అన్నాడు.

మా అమ్మాయి లేచి నిలబడింది. రెండు నెలలు, అమ్మా నీకు తెలుసా అంది. తెలుసు అన్నాను. రేపే ఈఎన్‌టీకి అపాయింట్‌మెంట్ బుక్ చేస్తానంటూ ఫోను కోసం వెతికింది, ఫోను దాని చేతిలోనే ఉంది. వంట బాగుందన్నవన్నీ అబద్ధాలా నాన్నా అని అడగబోయి మింగేసింది, నాకు కనపడింది. అల్లుడు లేచి వెళ్ళి మావగారి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఏమనాలో తెలియనప్పుడు ఆ పిల్లవాడు అలా మనిషి వెనక నిలబడతాడు, మంచివాడు.

మనవరాలు మాత్రం ఏడవలేదు. కప్పు మళ్ళీ తాతయ్య ముందుకి జరిపింది.

"వాసన వదిలెయ్ తాతయ్యా. టంగ్ ఉంది కదా. నోట్లో కొంచెంసేపు ఉంచు. థిక్‌గా ఉందా, వాటర్‌లా ఉందా, అది చెప్పు."

ఆయన ఒక గుక్క తీసుకుని చాలాసేపు మింగలేదు.

"ఇది నాలిక మీద జారతంది. మింగినా పోలా, పూత పూసినట్టుంది," అన్నాడు. రెండోది తాగి, "ఇది పల్చన. బుగ్గల్లో కాస్త పట్టి, ఆఖర్న గొంతులో తియ్యగా వస్తంది," అన్నాడు. ఇంకోసారి మొదటిది, ఇంకోసారి రెండోది. "ముందుది మీగడ. ఇది పూలు."

మనవరాలు అవునని తలూపింది. అప్పుడు ఆయన అడిగాడు, ఏం పూలు అని.

దానికి వాసన తెలుసు, పేరు తెలియదు. "అమ్మమ్మ ఫ్రైడే టెంపుల్‌కి పెట్టుకుంటుంది కదా, వైట్‌వి... కాదు, అవి కాదు," అని ఆగిపోయింది. మా అమ్మాయి కప్పు వాసన చూసి మల్లెలంది. అందరూ నా వైపు చూశారు. నేను కప్పు తీసుకున్నాను. మల్లె కాదు, మల్లె ఇంత మెత్తగా ఉండదు. ఇది సన్నజాజి, దండ కట్టినది కాదు, పొద్దున్నే కోసి తడిగుడ్డలో చుట్టి పెట్టినది, గుడ్డ విప్పగానే వచ్చేది, కొంచెం తడి వాసన, కొంచెం పచ్చి చిక్కుడు తుంచినట్టు. ఇదంతా ఆయనకి చెప్పాను, తడుముకుంటూ, ఒక్కొక్క మాటా. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకుని విన్నాడు. ఈసారి రెప్పలు వణకలేదు.

వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. రోజూ నాలుగు రకాలు వాసన చూపించమన్నాడు. లవంగం, నిమ్మతొక్క, కాఫీ పొడి, ఏదైనా పువ్వు. ఇది రాసేనాటికి ఇంకా రాలేదు. అయినా పొద్దున్నే ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టి నేను చెప్తాను, ఆయన వింటాడు. కూర బాగాలేకపోతే ఉప్పు ఎక్కువైందని ఇప్పుడు మొహం మీదే అంటున్నాడు, మా అమ్మాయికి అది కూడా సంతోషమే.

మన రోజుల్లో మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళతో ఒకళ్ళు ఇన్ని మాటలు మాట్లాడేవాళ్ళం కాదు. పని నడిచిపోయేది, కాపురమూ నడిచిపోయేది, మాటతో పనుండేది కాదు. బస్టాండులో నా పక్కన నిలబడ్డ ఆ మనిషికి లోకమంతా ముక్కులోంచి వచ్చేది, నేనేం చెప్పాలి ఆయనకి. ఆ రోజులు మంచివనే అంటాను. కానీ లవంగం వాసన ఎలా ఉంటుందో చెప్పమని ఒక మనిషి ముసలితనంలో నా మొహం వైపు చూస్తూ కూర్చోవడం నాకు అప్పుడు లేదు. పొద్దున్నే నిద్ర లేచి, ఇవాళ ఏ మాట చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. కొన్ని వాసనలకి మన భాషలో కూడా మాట లేదు, ఆ రోజు ఆయన చేయి పట్టుకుని ఊరుకుంటాను.

ఆ ఆదివారం ఆ బల్ల దగ్గర ఉన్నది కళ్ళు తుడుచుకోవడానికి కాగితం తీసుకుని కప్పులు తుడిచిన మా అమ్మాయి, కాఫీ తాగకుండానే ఉండిపోయిన మా అల్లుడు, నానిన ఆకుని ఎవరూ పారేయకుండా కూజా ఒళ్ళో పెట్టుకు కూర్చున్న మా మనవరాలు, నేను, రెండోసారి నీళ్ళు పొయ్యమని తనే అడిగిన మా ఆయన.