లడ్డూ దగ్గర ఆగిన వీడియో

ఆదివారం సాయంత్రం నాలుగుంపావుకు, కోరుట్లలోని మా ఇంట్లో నేను చాయ్ పోస్తున్నాను. అమ్మాయి పెళ్ళయిన నెలకు సిరిసిల్ల నుంచి వియ్యాలవారు మొదటిసారి వచ్చారు. మావారు పాత కంప్యూటర్‌లో పెళ్ళి వీడియో పెట్టారు.

అది హెచ్‌డీ వీడియో. ఆ కంప్యూటర్ దాన్ని మోయలేకపోయింది. చప్పుడు ముందుకు పోతుంటే బొమ్మ ఆగి ఆగి నడిచి, భోజనాల దగ్గర పూర్తిగా ఆగిపోయింది. తెర నిండా మా వియ్యపురాలే, తెరిచిన నోట్లో సగం లడ్డూతో. వెనక బ్యాండు మోగుతూనే ఉంది.

మావారు మౌస్ ఎంత కదిపినా లాభం లేకపోయింది.

"బంద్ చెయ్యి బాపూ, నీకు దండం పెడ్త" అని గొణిగింది అమ్మాయి. అత్తగారు నొచ్చుకుంటే రేపు ఆ ఇంట్లో ఉండాల్సింది తనే. నేను వియ్యపురాలి ముఖం చూడలేకపోయాను.

"అన్నా," అందామె మావారితో, "గా లడ్డు నన్ను మింగనిస్తవా, లేదా? దవడలు గుంజుతున్నయి!"

ముందు నవ్వింది అమ్మాయే.

ఆ వారంలోనే మావారు జగిత్యాల వెళ్ళి, బొమ్మ ఆగకుండా నడిపే గ్రాఫిక్స్ కార్డు, ఎవరో వాడినదే, కొనుక్కొచ్చి బిగించారు. వాళ్ళను మళ్ళీ పిలిచారు. వీడియో ఎక్కడా ఆగలేదు.

"గిదేందన్నా, గప్పుడే మంచిగుండె" అంది వియ్యపురాలు.

మావారు పోయి రెండేళ్ళయింది. పరువు కోసం ఆ కార్డు కొన్నారని అప్పట్లో అనుకున్నాను. వియ్యాలవారు మళ్ళీ రావాలనే కొన్నారని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈమధ్య పెళ్ళి వీడియోలు ఎవరి ఫోన్‌లో వాళ్ళు చూసుకుంటున్నారు. మా ఇంట్లో అందరం కలిసి కూర్చుని చూడటం లేదు.